సగం షటిల్ కోర్టు: మాస్టర్ ప్లాన్ రాస్తున్నవారికి ఒక పీఈటీ ఉత్తరం

హైదరాబాద్ మహానగర మాస్టర్ ప్లాన్ తయారుచేస్తున్న అధికారులకు, ప్లానర్లకు, వారికి సలహాలిచ్చే పెద్దలకు,

నమస్కారం.

నేను 32 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలకు పీఈటీ సార్‌ని. మా ఆస్తి రెండే వస్తువులు: మెడలో విజిల్, సంచిలో 30 మీటర్ల టేపు. విజిల్ బడిలోనే వదిలేసి వచ్చాను. టేపు నా సొంత డబ్బుతో కొన్నది కాబట్టి ఇంటికి తెచ్చుకున్నాను. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా ఖాళీ జాగా కనబడితే చాలు, ఇక్కడ కబడ్డీ పడుతుందా, ఖోఖో పడుతుందా అని కళ్లతోనే కొలిచే జబ్బు నాకింకా పోలేదు. ఈ ఉత్తరం ఆ జబ్బులోంచి పుట్టిందే.

2050 నాటికి నగరం ఎలా ఉండాలో మీరు రాస్తున్నారని పేపర్లో చదివాను. మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పరిధి ఏడు వేల చదరపు కిలోమీటర్ల నుంచి పది వేలు దాటిందట. అంత నేల మీద రోడ్లెక్కడ, మెట్రో ఎక్కడ, ఫ్యాక్టరీలెక్కడ అని చెప్పడానికి మీ దగ్గరకు చాలామంది వస్తారు. పార్కుల గురించి, ఆటస్థలాల గురించి వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినా బెంచీలు కావాలనో, లైట్లు కావాలనో అడుగుతారు. నేను అడిగేది నేల. ఊరు రాకముందే, పొలం పొలంగా ఉండగానే పక్కకు తీసి పెట్టాల్సిన నేల.

ఎందుకంటారా, మా కాలనీ లెక్క చెబుతాను.

2006లో నగరానికి తూర్పున ఒక వెంచర్‌లో 200 గజాలు కొన్నాను. బ్రోచర్‌లో ఈశాన్యం మూల ఆకుపచ్చ రంగు వేసి, మీద తెల్లక్షరాలతో పార్కు అని రాసి, పక్కన ఊయల బొమ్మ వేశారు. ఆ ఊయల చూసే మా ఆవిడ సరే అంది. అనుమతి లేని లేఔట్ అని మాకు తెలియక కాదు. చుట్టుపక్కల అందరూ అలాగే కొంటున్నారు, మేమూ కొన్నాం. తర్వాత ఆ ఆకుపచ్చ మూలలో ముందు బోరు వేసి నీళ్ల ట్యాంకు కట్టారు. నీళ్లు కావాలి కదా, ఎవరం కాదనలేదు. ఆ తర్వాత చిన్న గుడి వచ్చింది. గుడికి అడ్డం చెప్పేదెవరు? మిగిలింది ఒకరోజు 161 నుంచి 168 దాకా నంబర్లు పడి ఎనిమిది ప్లాట్లయింది. ఇప్పుడక్కడ ఎనిమిది ఇళ్లున్నాయి. ఆ ఇళ్లవాళ్లు మంచివాళ్లే, మాలాగే అప్పు చేసి కొనుక్కున్నవాళ్లు. వాళ్లతో పేచీ ఏమని పెట్టుకుంటాం?

2020లో, అనుమతి లేని లేఔట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టాను. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు డబ్బు కట్టాను. అందులో క్రమబద్ధీకరణ రుసుము ఒక పద్దు, ఓపెన్ స్పేస్ చార్జీ ఇంకో పద్దు. లేఔట్‌లో పది శాతం ఖాళీ జాగా వదలకపోతే, రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువ మీద 14 శాతం కట్టాలి. నా కాగితాల్లో గజం వెయ్యి రూపాయలు. రెండు లక్షల మీద 14 శాతం 28 వేలు, రాయితీ పోను 21 వేలు. కట్టేసి హాయిగా ఇంటికొచ్చాను. రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను.

మా వెంచర్ పదెకరాలు, మొదట వేసినవి 160 ప్లాట్లు. అందులో పదో వంతంటే ఎకరం, అంటే 4,840 గజాలు. అందరివీ నా లాంటి ప్లాట్లే అనుకుంటే, మేమంతా కట్టే ఓపెన్ స్పేస్ చార్జీ 33 లక్షల 60 వేలు. ఇవాళ మా దగ్గర గజం 60 వేలు పలుకుతోంది. ఆ మొత్తం డబ్బుతో కొనగలిగేది 56 గజాలు. షటిల్ కోర్టుకు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. గజాల్లో 98. పదెకరాల కాలనీ అంతా కలిసి కట్టిన డబ్బుకు వచ్చేది సగం కోర్టు, సర్వీసు చేసే వైపు ఒక్కటి. తిరిగి కొట్టేవాడు నిలబడటానికి జాగా లేదు. 4,840 గజాలూ ఇప్పుడు కొనాలంటే 29 కోట్లు కావాలి.

ఈ లెక్కలో మోసం ఎవరు చేశారన్నది వేరే కథ. వెంచర్ వాడి తప్పుంది, కళ్లు మూసుకుని సంతకం పెట్టిన మా తప్పూ ఉంది. మీ ముందు పెట్టదలచుకున్నది ఇంతే: నేల పోయాక రుసుము వసూలు చేస్తే రుసుమే మిగులుతుంది. మొన్నటి లేఔట్లకు జరిగింది ఇదే. ఇప్పుడు పొలాలుగా ఉన్న ఊళ్లకు రేపు ఇదే జరుగుతుంది, మీ కాగితంలో ముందే రాయకపోతే.

రోడ్డు విషయంలో మనకు ఈ తెలివి ఎప్పటి నుంచో ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. వేసేటప్పుడు చాలాచోట్ల చుట్టూ పొలాలు, రాళ్ల గుట్టలే. అంత రోడ్డెందుకని నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. అలైన్‌మెంట్ గీశారు, సర్వే నంబర్లతో నోటిఫికేషన్ ఇచ్చారు, పరిహారం లెక్క కట్టారు, భూమి తీసుకున్నారు. దాని బయట రానున్న రీజినల్ రింగ్ రోడ్డు ట్రిపుల్ ఆర్‌కూ ఇదే పద్ధతి. పార్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మ్యాపు మీద ఆకుపచ్చ రంగు పూసి చేతులు దులిపేసుకుంటాం. ఆ రంగు కింద ఒక రైతు భూమి ఉంటుంది. అతనికి పరిహారం రాదు. ఇల్లు కట్టుకోలేడు, అమ్మితే సగం ధర. కొన్నేళ్లు చూసి భూవినియోగ మార్పిడికి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. ఆఖరికి మార్పిడి వస్తుంది, అతనికి కాకపోతే అతని దగ్గర చవగ్గా కొన్నవాడికి. అక్కడ పార్కు పోయింది, రైతూ పోయాడు. కాబట్టి ప్రైవేటు భూమి మీద ఆకుపచ్చ రంగు వేసేముందు డబ్బు సంగతి తేల్చండి. కొనండి, లేదా ల్యాండ్ పూలింగ్‌లో అతనికి అభివృద్ధి చేసిన ప్లాట్లిచ్చి న్యాయం చేయండి. అదీ కుదరదంటే రంగు వేయకండి. ప్రభుత్వ భూమి ఉన్నచోట అసలీ గొడవే లేదు. వేలం వేసేముందు ఆ చుట్టుపక్కల ఆటస్థలం ఉందో లేదో చూసి, లేకపోతే అందులో కొంత పక్కన పెట్టాలన్న నియమం చాలు.

మనకున్న పెద్ద పార్కులు ఎలా వచ్చాయో ఒకసారి చూడండి. కేబీఆర్ పార్కు 390 ఎకరాలు. అది చిరాన్ ప్యాలెస్ ఆవరణ కాబట్టి మిగిలింది, 1998లో నేషనల్ పార్కయింది. వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి నిజాం వేట అడవి. బాగే ఆమ్, అదే పబ్లిక్ గార్డెన్స్, నిజాముల కాలంలో పాత నగరం గోడల బయట, నాంపల్లి వైపు వేసిన తోట. ఆనాడు ఊరి అంచు, ఇవాళ నగరం నడిబొడ్డు. అంటే మన పెద్ద పచ్చదనంలో చాలా భాగం రాజుల వేటకో, విహారానికో మిగిల్చుకున్నది మనకు దక్కింది. ప్రజలు ఓట్లేసి తెచ్చుకున్న ప్రభుత్వాలు నగరం మధ్యలో అందరి కోసమని పెద్దగా వేసిన పార్కు అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది ఇందిరా పార్కు, 76 ఎకరాలు. 1975లో రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత నగరం ఎన్ని రెట్లయిందో మీకు నేను చెప్పాలా? నగరం చుట్టూ రిజర్వు ఫారెస్టు బ్లాకుల్లో అర్బన్ ఫారెస్ట్ పార్కులు తెరిచారు, కండ్లకోయలో ఆక్సిజన్ పార్కు పెట్టారు. మంచిదే, నేనూ వెళ్లాను. కానీ అది అడవి. అందులో ఫుట్‌బాల్ ఆడలేం, ఆడకూడదు కూడా. పైగా బండి ఉన్నవాడికే అందుబాటు.

అందుకే తలసరి ఇన్ని చదరపు మీటర్ల పచ్చదనం అనే లెక్కను నేను పెద్దగా నమ్మను. మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. కేబీఆర్‌నూ, హరిణ వనస్థలినీ కలిపి భాగిస్తే మా కాలనీ పిల్లలకూ ఏదో వాటా వచ్చినట్టే కనిపిస్తుంది. కాగితం మీద వాటా ఉంది, ఆడటానికి వీధి తప్ప దిక్కు లేదు. మీ ప్లానులో ఒక్క కొలత పెట్టండి: పదేళ్ల పిల్ల పెద్ద రోడ్డు దాటకుండా, తోడు లేకుండా నడిచి వెళ్లగలిగే దూరంలో ఆటస్థలం ఉందా? ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మాకు కిలోమీటరున్నర దూరంలో ఒక పార్కు ఉంది. టేపు పట్టుకుని ఒకరోజు పొద్దున్నే వెళ్లాను. చుట్టూ వాకింగ్ ట్రాక్. మధ్యలో నీళ్లు లేని ఫౌంటెన్. ఓపెన్ జిమ్‌లో ఎనిమిది మెషిన్లు, వాటిలో మూడింటికి పెడల్స్ ఊడాయి. గడ్డి మీద నడవరాదని ఒక బోర్డు, బంతి ఆటలు ఆడరాదని ఇంకో బోర్డు. ఫౌంటెన్ తీసేస్తే అక్కడ 24 మీటర్లు, 15 మీటర్లు వస్తుంది. వాలీబాల్ కోర్టు, చుట్టూ వదలాల్సిన మూడేసి మీటర్లతో సహా, సరిగ్గా అంతే. ఎవరూ కొలవలేదు. పార్కంటే షుగర్ ఉన్నవాళ్లు తిరిగే చోటని మనకొక అభిప్రాయం పడిపోయింది. నాకూ షుగర్ ఉంది, నేనూ తిరుగుతాను. కానీ పద్నాలుగేళ్ల కుర్రాడు ఎక్కడికి పోవాలి?

ఎక్కడికి పోతున్నాడో చెబుతాను. మా వెనక వీధిలో నాలుగు ఖాళీ ప్లాట్లు కలిపి వలలు కట్టి బాక్స్ క్రికెట్ టర్ఫ్ పెట్టారు. గంటకు వెయ్యి రూపాయలు, శని, ఆదివారాల్లో పన్నెండొందలు. పదిమంది తలా వంద వేసుకుని ఆడతారు. ఆ వంద లేనివాడు వల బయట నిలబడి బంతి అందిస్తాడు. నా దగ్గర చదివిన ఒకడు అలా నిలబడి కనిపించాడు. జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడినవాడు. నన్ను చూసి పక్కకు తిరిగాడు. నేనూ చూడనట్టు వచ్చేశాను.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. బడిలో ఖోఖోలో చిరుతల్లా పరిగెత్తినవాళ్లు పదో తరగతి దాటాక ఎక్కడా పరిగెత్తరు. టర్ఫ్‌కు ఇంట్లో పంపరు. పార్కులో మగవాళ్ల కార్డు ఆట బల్లలు. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు చాలు. రెండు స్తంభాలు, సున్నం గీతలు తప్ప ఖర్చేమీ లేదు.

తాళం సంగతి కూడా చెప్పాలి. ఆ పార్కు పొద్దున 5 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా తెరుస్తారు. మధ్యాహ్నం గేటుకు గొలుసు. ఆ గేటు పక్కన, ప్రహరీ నీడలో, రోడ్లు ఊడ్చే అమ్మలు ఫుట్‌పాత్ మీద కూర్చుని అన్నం డబ్బాలు విప్పుకుంటారు. లోపల వేప చెట్ల కింద సిమెంటు బెంచీలు ఖాళీగా ఉంటాయి. వాచ్‌మన్‌ని అడిగితే, తెరిస్తే జంటలొచ్చి కూర్చుంటాయి సార్ అన్నాడు. కూర్చుంటే కూర్చోనీ, వాళ్లకు మాత్రం వేరే చోటెక్కడుంది అన్నాను. అతను నన్నొక రకంగా చూశాడు. ఎండాకాలం మధ్యాహ్నం నీడ ఎవరికి అవసరమో వాళ్లకే మనం గేటు వేస్తున్నాం. దీనికి మాస్టర్ ప్లాన్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉంచడానికి ఒక మనిషి జీతం కూడా.

ఇక బతుకమ్మ. తొమ్మిది రోజులూ మా ఆడవాళ్లు 30 అడుగుల రోడ్డు మీదే ఆడతారు, రెండు చివర్లా బైకులు అడ్డం పెట్టి. అరవైమంది చేరితే వలయం ఆ రోడ్డులో పట్టదు. కోడిగుడ్డులా సాగుతుంది. రెండు కొసల్లో ఉన్నవాళ్లకు బతుకమ్మ కనిపించదు, మధ్యలో ఉన్నవాళ్లు గేట్లకు రాసుకుంటూ తిరుగుతారు. సద్దుల నాడు నిమజ్జనానికి నీళ్లు కావాలి, చెరువు మూడు కిలోమీటర్లు. అంబర్‌పేటలో బతుకమ్మ కుంటను పూడిక తీసి 2025 సెప్టెంబరులో మళ్లీ నీళ్లతో తెరిచారు. పేపర్లో ఫొటో చూసి మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రికార్డుల్లో పద్నాలుగెకరాలు ఉన్న కుంట, మిగిలింది అయిదెకరాల పైచిలుకు. ఆ మిగిలిందైనా తవ్వి తీసినవాళ్లకు దండం. చెరువుల, పార్కుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక కొన్ని పార్కు స్థలాలు కూడా బయటపడ్డాయి. కానీ పోయినదాన్ని పోలీసులతో వెళ్లి తెచ్చుకోవడం కన్నా, పోకముందు చుట్టూ కంచె వేయడం చవక.

చెరువు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. పార్కు కావాలన్నాం కదా అని చెరువులో వేయకండి. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న నేల నీటిని వెనక్కు నెట్టి తెచ్చుకున్నదే. నియమాల్లో ఇప్పటికే రాసి ఉంది: 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా. ఆ 30 మీటర్లలో మట్టి దారి వేసి చెట్లు పెడితే నడిచేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? సుందరీకరణ పేరుతో గ్రానైటు పలకలు, రంగు దీపాలు, ఫుడ్ కోర్టు దించి చెరువును ప్రతిసారీ నాలుగడుగులు లోపలికి నెడుతున్నాం. జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాలను కాపాడుతూ 1996లో ఇచ్చిన 111 జీవో ఆంక్షలను తొలగిస్తూ 2022లో మరో జీవో ఇచ్చారు. అక్కడ ఇక లేఔట్లు ఆగవు. ఆ వాగులు, వంకలు ఎక్కడ పారుతున్నాయో ముందు గీసి, వాటి పక్కన పచ్చని పట్టీలు వదిలి, ఆ తర్వాతే మిగతాదానికి అనుమతులివ్వండి. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించుకున్న ఊరు మనది. నది ఒడ్డున తోటలుండాలని ఆయన ఆనాడే చెప్పారు.

చట్టం మాట కూడా ఒకటి. బెంగళూరులో ఒక కాలనీ పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే ఆ కాలనీవాళ్లే కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఆసుపత్రి మంచిదే, కానీ పార్కు జాగాలో కుదరదు అంది. మన దగ్గర పార్కు జాగాలో వచ్చేవి కూడా మంచివే: వాటర్ ట్యాంకు, కమ్యూనిటీ హాలు, వార్డు ఆఫీసు, అంగన్‌వాడీ. ఒక్కొక్కటీ అవసరమైనదే కాబట్టి ఎవరూ కాదనరు. అన్నీ అయ్యాక ఊయల పెట్టడానికి చోటుండదు. వాటికి వేరే స్థలం లేఔట్‌లోనే రాయించండి, పార్కు కోటాలోంచి కాదు. లేఔట్ వేసినవాళ్లు ప్రభుత్వానికి రాసిచ్చే గిఫ్ట్ డీడ్‌లో వచ్చిన ప్రతి పార్కు స్థలానికీ సర్వే నంబరు, హద్దులు, కొలతలు అందరికీ కనిపించేలా వెబ్‌సైట్లో పెట్టండి. ఆ జాగాలో పెద్ద అక్షరాలతో బోర్డు పాతండి. మాలాంటి ముసలివాళ్లం టేపుతో చూసుకుంటాం. జీతం అడగం.

మా వంతు ఎల్‌ఆర్‌ఎస్ డబ్బు గురించి ఒక్క కోరిక. మా మండలంలో కట్టిన ఓపెన్ స్పేస్ చార్జీ మా మండలంలోనే నేల కొనడానికి వాడండి. ఫౌంటెన్‌కు వద్దు, స్వాగత తోరణానికి వద్దు. మా కాలనీకి సగం కోర్టే వస్తుంది నిజమే. పక్కన ఇలాంటివే ముప్పై కాలనీలున్నాయి. అందరిదీ కలిపి, ఇంకాస్త బయట, గజం ఇంకా పదివేల లోపు ఉన్నచోట కొంటే పిల్లలు ఆడుకునే మైదానం వస్తుంది. ఆలస్యమైతే అదీ రాదు.

మా ఇంటికి రెండు కిలోమీటర్ల లోపల ఖాళీగా ఉన్న మూడు ప్రభుత్వ స్థలాలు నేను, మరో ఇద్దరు రిటైర్డ్ టీచర్లు కలిసి తిరిగి చూశాం. ఒకదాంట్లో చెత్త పోస్తున్నారు, ఒకదాంట్లో లారీలు నిలుపుతున్నారు. మూడోదాన్ని గత నెల ఎవరో చదును చేశారు, ఎవరో ఇంకా తెలియలేదు. ఆ మూడోదానికి ముందు రండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ

జతచేసినవి: మూడు స్థలాల చేతి స్కెచ్‌లు, టేపు కొలతలు మీటర్లలోనూ గజాల్లోనూ, 2006 నాటి బ్రోచర్ జిరాక్స్ ఒకటి. జిరాక్స్‌లో ఆకుపచ్చ రంగు పడలేదు, ఊయల కనిపిస్తుంది.